చల్లగా, మెల్లగా

బాగేపల్లిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయన నన్ను మండికల్లు నుంచి బస్సులో వెంటబెట్టుకుని వచ్చాడు. ట్రంకుపెట్టె, చాప, మూటెడు రాగిపిండి దింపి, పాలు పిండే వేళకు ఇంట్లో ఉండాలని అదే బస్సుకు తిరిగి వెళ్లిపోయాడు. పోయే ముందు నన్నొక ఆవిడకు అప్పజెప్పాడు. ఆవిడ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. నాకంటే చాలా పెద్ద, నలభై దగ్గర పడుతున్న మనిషి. మైసూరు వైపు నుంచి వచ్చింది కాబట్టి కన్నడమే గాని తెలుగు రాదు. మా నాయన రెండు భాషలూ కలిపి, మా బిడ్డకు ఇకమీదట అమ్మయినా మీరే, అక్కయినా మీరే అన్నాడు. అమ్మ అంటే వయసు మరీ ఎక్కువైపోతుంది, అక్కతో సరిపెట్టుకుంటానని ఆవిడ నవ్వింది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్కే.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. బాగేపల్లి మైసూరు రాష్ట్రంలో ఉన్నా ఇళ్లల్లో మాటంతా తెలుగే; బడి, దాన్ని శాలె అనేవాళ్లం, అది మాత్రం కన్నడం. మేమిద్దరం ఒక వర్తకుల ఇంటి వెనకవైపు అద్దెకుండేవాళ్లం. ఒక గది, దాని పక్కన వంటకు కాస్త చోటు, ముందు పెరడు. ఇంటావిడ కొడుకులు చింతపండు, వేరుశనక్కాయల వ్యాపారం చేసేవారు. ఆమెను వీధిలో అందరూ అవ్వ అనేవారు, మేమూ అట్లాగే పిలిచాం. అవ్వకు కన్నడం బాగా అర్థమయ్యేది. కానీ నోరు తెరిస్తే వచ్చేది తెలుగే.

అక్కకు చిన్నతనంలో జ్వరం వచ్చి కుడిచెవి పోయింది. ఎవరైనా మాట్లాడితే ఎడమచెవి వాళ్లవైపు తిప్పి, తల కొంచెం వంచి వినేది. క్లాసులో మెల్లగా మాట్లాడే పిల్లలను తన ఎడమవైపు కూర్చోబెట్టుకునేది. ఆవిడ బెత్తం పట్టుకోకపోవడం చూసి, ఆ కాలంలో అది వింతే కనుక, ఎందుకని అడిగాను. తప్పు వాళ్ల నోటిదో నా చెవిదో తేల్చుకోకుండా ఎట్లా కొడతాను అంది. అందుకని తప్పు జవాబు వినబడ్డప్పుడల్లా, మళ్లీ ఒకసారి చెప్పమనేది. రెండోసారి చెప్పేటప్పుడు సగంమంది పిల్లలు తమంతట తామే దిద్దుకునేవారు. ఇది ఆవిడ పెట్టుకున్న పద్ధతి కాదు, చెవి వల్ల వచ్చిన అలవాటు. కానీ అంత మంచి అలవాటు ఉన్న టీచరును నేను అంతకు ముందు చూడలేదు.

మిడిల్ స్కూలు, హైస్కూలు ఒకే ఆవరణలో ఉండేవి. నేను మిడిల్ స్కూలు పిల్లలకు లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేదాన్ని. నా గదికీ అక్క చెప్పే ఎనిమిదో తరగతికీ మధ్య వెదురు తడిక అడ్డం. అక్కడ చెప్పే ప్రతి మాటా ఇక్కడ వినబడేది. నేను ఎస్సెస్సెల్సీ చదివి, టీచర్ ట్రైనింగు చేసి వచ్చిన పిల్లను. ఇంగ్లీషు వ్యాకరణం అంటే నాకే భయం. కాబట్టి నా పిల్లలు లెక్కలు చేస్తున్నప్పుడు నేను తడిక పక్కన నిలబడి ఇంగ్లీషు వినేదాన్ని.

ఆ ఏడు దసరా సెలవుల ముందు పరీక్ష పేపర్లు దిద్దుతూ అక్క తల పట్టుకుంది. విశేషణాలు, క్రియావిశేషణాల ప్రశ్నకు ఎనిమిదో తరగతి పిల్లలు దాదాపు అందరూ ఒకే రకం తప్పు రాశారు. నీళ్లు చల్లగా ఉన్నాయి అనడానికి ‘ది వాటర్ ఈజ్ కోల్డ్‌లీ’ అని. కొండ ఎత్తుగా ఉంది అనడానికి ‘ది హిల్ ఈజ్ హైలీ’ అని. చాకవేలు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్లవాడు, క్లాసులో అందరికంటే తలెత్తు పొడుగువాడు, వాళ్ల ఊరి దారి గురించి ‘ది రోడ్ ఈజ్ మడ్డీలీ’ అని రాశాడు. వాడు ఇంగ్లీషులో ఒకసారి తప్పి అదే తరగతిలో మళ్లీ కూర్చున్నవాడు. ఈసారి కూడా తప్పితే వాళ్ల నాయన బడి మాన్పించి మడక దున్నిస్తాడని అందరికీ తెలుసు.

మిగతా మేష్టర్లు, ఇది మామూలే, తెలుగు పిల్లలకు ఇంగ్లీషు అంటదు, సరైనది పదేపదే రాయించండి అన్నారు. అక్కకు ఆ మాట నచ్చలేదు. ఒకరిద్దరు తప్పితే వాళ్లు చదవలేదనుకోవచ్చు, ఇంతమంది ఒకేచోట కాలు జారారంటే అక్కడ తడి ఉందన్నమాట, ఆ తడి ఎక్కడుందో చూడాలి అని నాతో అంది. చాలా రోజులు చూసింది. కనబడలేదు.

ఈలోగా అక్క తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అది పాఠం కోసం కాదు, పాలవాడితో, కూరగాయలావిడతో, ముఖ్యంగా అవ్వతో మాట్లాడ్డానికి. అవ్వే గురువు. మొదటి వారం ఒక సాయంత్రం అవ్వ మా పెరట్లో కూర్చుని, చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగేసింది.

“నీ మొగుడు యాడుండాడమ్మా?”

అక్క ఎడమచెవి తిప్పి విన్నది. అంతకు ముందురోజే అవ్వ దగ్గర ముగ్గు అనే మాట నేర్చుకుంది. ముఖం విప్పార్చుకుని, నేర్చుకున్న తెలుగంతా కూడదీసుకుని, “వాకిట్లో ఉండాది అవ్వా, పొద్దున్నే వేసినా” అంది.

అవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నేను కన్నడంలో విడమరచి చెప్పాక అక్క కూడా అంతే నవ్వింది. తర్వాత తనకు పెళ్లి కాలేదనీ, చేసుకోవాలని అనిపించలేదనీ నెమ్మదిగా చెప్పింది. అవ్వ ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మధ్య ఒక చనువు ఏర్పడింది. పెళ్లీ పిల్లల మాటలు లేకుండా అవ్వ అంతసేపు మాట్లాడిన ఆడమనిషి అక్క ఒక్కతేనేమో.

మార్గశిరం వచ్చింది. బాగేపల్లి చలి చిన్నది కాదు. ఒకరోజు తెల్లవారుతూనే అక్క పెరట్లో ఇత్తడి చెంబుతో ముఖం కడుక్కోబోతోంది. అవ్వ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, తలెత్తకుండానే అంది:

“నీళ్లు చల్లగా ఉండాయమ్మా, మెల్లగా పోసుకో.”

అక్క చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ మాట మళ్లీ చెప్పమంది. అవ్వ గట్టిగా మళ్లీ చెప్పింది. అక్క చెంబు కింద పెట్టి నావైపు తిరిగింది. ముఖం ఇంకా తడవలేదు.

“చల్లగా, మెల్లగా,” అంది. “రెండిట్లోనూ అదే గా.”

నాకు మొదట తట్టలేదు. అక్క కట్టెపుల్లతో మట్టిలో రాసి చూపించింది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి కన్నడ అక్షరాల్లోనే రాసింది. చల్లగా ఉండాయి. మెల్లగా పోసుకో. ఇంగ్లీషులోకి మారిస్తే మెల్లగా అన్నదానికి ‘స్లోలీ’, చివర లీ వస్తుంది. చల్లగా అన్నదానికి ‘కోల్డ్’ ఒక్కటే, లీ రాదు. తెలుగులో రెండిటికీ ఒకే తోక. మేమందరం, ట్రైనింగులో మాకు చెప్పినట్టే, పిల్లలకు ఒక సూత్రం చెప్పేవాళ్లం. కన్నడంలో ‘ఆగి’ అని ముగిస్తే లీ చేర్చండి అని. తెలుగు పిల్లలు దాన్ని మనసులో ‘గా’ అనుకుని, గా కనబడిన ప్రతిచోటా లీ తగిలించారు.

“వాళ్లు తప్పు చేయలేదు. మనం చెప్పిన మాట విన్నారు,” అంది అక్క.

ఆ మాట అన్నాక ఇంకా ఆలోచనలోనే ఉండి, అవ్వ మాటనే కన్నడంలో తనలో తాను చెప్పుకుంది: నీరు తణ్ణగిదె, మెల్లగె హాకికో. అందులోనూ అదే తోక. పుట్టినప్పటి నుంచి ఈ మాట అంటున్నాను, ఒక్కరోజైనా వినలేదు అంది. తన భాషలోని సంగతి పక్కవాళ్ల భాష నేర్చుకుంటే గాని కనబడలేదని అక్క ఆశ్చర్యపడింది. నాకు ఆశ్చర్యమైంది అది కాదు. అంత చదువుకున్న మనిషి, పెరట్లో మట్టిమీద గొంతుకూర్చుని, వణుకుతూ, అంత సంతోషపడడం. అవ్వ మాత్రం, నీళ్లు ఇంకా చల్లారిపోతాండాయి, ముఖం కడుక్కో తల్లీ అని కసిరింది.

ఆ రోజు ఎనిమిదో తరగతిలో జరిగిన పాఠం నేను తడిక పక్కనుంచి మొదటి నుంచి చివరి దాకా విన్నాను. అక్క నల్లబల్ల మీద కన్నడ లిపిలో తెలుగు వాక్యాలు రాసింది. నీళ్లు చల్లగా ఉండాయి. నీళ్లు మెల్లగా పారతాండాయి. పిల్లలు తమ ఇంట్లో మాటలు నల్లబల్ల మీద చూసి మొదట కిసుక్కుమన్నారు. తర్వాత గొంతెత్తి చదివారు. అక్క వాళ్లను అడిగింది: మొదటిదాంట్లో నీళ్లు ఏ పనైనా చేస్తున్నాయా? లేదు, ఊరికే ఉన్నాయి. రెండోదాంట్లో? పారుతున్నాయి. అయితే గా చూసి తొందరపడకండి, గా తర్వాత ఏ మాట వస్తుందో చూడండి. ఉండాది, ఉండాయి వస్తే వస్తువు ఎట్లాంటిదో చెబుతున్నాం, లీ వద్దు. పని వస్తే ఆ పని ఎట్లా జరుగుతుందో చెబుతున్నాం, లీ పెట్టండి.

చాకవేలు పిల్లవాడు లేచి నిలబడ్డాడు. “మిస్, దారి బురదగా ఉండాది అంటే దారి ఏం చేస్తాలేదు కదా. మడ్డీ అంటే చాలు.”

అక్క వాణ్ని మళ్లీ చెప్పమంది. ఈసారి ఆవిడకు వినబడలేదని కాదు, ఆ మాట క్లాసంతా ఇంకోసారి వినాలని.

తర్వాత వారమంతా పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటలన్నీ పట్టుకొచ్చి గా వెనక ఏముందో చూడడమే. హాస్టల్లో సాంబారు నీళ్లగా ఉండాది, వాచ్‌మన్ గట్టిగా అరుస్తాండాడు, ఇట్లాంటివి. తడిక ఇవతల ఉన్న నా చిన్నపిల్లలు కూడా లెక్కలు మానేసి అక్కడి జవాబులు ముందే చెప్పేసేవారు. నాకు కూడా వ్యాకరణమంటే భయం ఆ వారంలోనే తగ్గింది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. జనవరిలో కోలారు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చారు. పెద్దమనిషి, పిల్లలంటే ఇష్టం ఉన్నవారే. అయితే ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినబడకూడదని ఆయన నమ్మకం. అప్పట్లో పై నుంచి వచ్చే సలహా కూడా అదే. ఆయన ఎనిమిదో తరగతిలోకి అడుగు పెట్టేసరికి నల్లబల్ల నిండా కన్నడ లిపిలో తెలుగు ఉంది. కన్నడ శాలెలో, ఇంగ్లీషు పీరియడులో తెలుగు పాఠం ఏమిటని ఆయన నల్లబల్ల దగ్గరికి పోయి చదివి చూశారు.

తర్వాత పిల్లలను తనే ప్రశ్నలడిగారు. బయటి ఎండ ఎట్లా ఉందంటే, ‘ఇట్ ఈజ్ హాట్’ అని సరిగ్గా చెప్పారు. సూర్యుడు ఎట్లా ప్రకాశిస్తున్నాడంటే, ‘ది సన్ షైన్స్ హాట్‌లీ’ అన్నారు. ఆయన కనుబొమలు ఎత్తారు. చివరికి చాకవేలు పిల్లవాణ్ని, నువ్వు ఎట్లా పరిగెత్తుతావు అని అడిగారు. వాడు ఊళ్లో పరుగు పందేల్లో మొదటివాడు. ఛాతీ విరుచుకుని, ‘ఐ రన్ ఫాస్ట్‌లీ సార్’ అన్నాడు. క్లాసంతా వాడికి వంత పాడింది.

ఫాస్ట్‌కు లీ రాదు. అట్లాంటి మాటలు కొన్ని ఉన్నాయి. అక్క ఇంకా అక్కడిదాకా రాలేదు. ఆ సంగతి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. మీ శ్రద్ధ నాకు అర్థమవుతోంది, కానీ ఈ దారి మంచిది కాదు, ఇకమీదట క్లాసులో తెలుగు వినబడకూడదు అని మెత్తగా చెప్పి వెళ్లిపోయారు. హెడ్మాష్టరు భయస్తుడు. సాయంత్రం అక్కను పిలిచి, దయచేసి నన్ను ఇబ్బంది పెట్టకండి అని బతిమాలుకున్నాడు.

ఇంటికి వస్తున్నంతసేపూ నాకు కోపం. అవ్వకు చెబితే నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. మన మాట ఏం పాపం చేసిందని ఆమె బాధ. అక్క మాత్రం రాగిముద్ద చేసి వడ్డించింది. తర్వాత, ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది అంది.

నాకు మింగుడు పడలేదు. అక్క విడమరచింది. వేడిగా అనే మాట నుంచి పిల్లలు నేరుగా ‘హాట్‌లీ’కి పోయారు. ఇంగ్లీషువాళ్లు అట్లా అంటారా అని ఒక్కడూ ఆగలేదు. ఎందుకంటే నేను వాళ్లకు ఒక భాష నుంచి ఇంకో భాషకు గీత గీసి, దానిమీద నడిపించాను. గీత ఉన్నంతసేపే నడుస్తారు. ఇప్పుడు గీత తీసేయాలి. ఎట్లా అనేదే తెలియాలి అంది.

ఆ రోజు ఆవిడ మీద గౌరవం నాలో ఇంకో మెట్టెక్కింది. తనను తప్పుపట్టిన మాటను కూడా అటూ ఇటూ తిప్పి, అందులో పనికొచ్చేది ఏదైనా ఉందా అని వెతకడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. నేనైతే కనీసం నెలరోజులు అలిగి ఉండేదాన్ని.

తర్వాతి వారం నుంచి ఆ క్లాసులో తెలుగు వినబడలేదు. కన్నడం కూడా చాలావరకు ఆగిపోయింది. తడిక అవతల నుంచి మాటలకంటే చప్పుళ్లు ఎక్కువ రావడం మొదలైంది. నేను ఉండబట్టలేక నా పిల్లలకు పని చెప్పి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

బల్ల మీద ఒక ఇత్తడి గ్లాసు, పచ్చి చింతకాయ, బెల్లం ముక్క, గుప్పెడు గరుకు ఇసుక. వాటిని పిల్లలు ముట్టుకుని, రుచి చూసి, ఎట్లా ఉందో ఇంగ్లీషులో చెప్పాలి. చింతకాయ కొరికిన పిల్ల ముఖం చూసి ‘సవర్’ అనే మాట అర్థం కానివాడు ఎవడూ లేడు. అది వస్తువుల వంతు. తర్వాత పనుల వంతు. ఒకరు లేచి నడవాలి, తలుపు తీయాలి, నీళ్లు పోయాలి. ఎట్లా చేయాలో అక్క చెవిలో చెబుతుంది. చూసినవాళ్లు ఆ ‘ఎట్లా’ను పట్టుకోవాలి.

చాకవేలు పిల్లవాడి చెవిలో ఏదో చెప్పింది. వాడు రెండడుగులు వేసి ఆగి, మీసం లేకపోయినా దువ్వి, పైపంచె సర్దుకున్నట్టు చేసి, గోడ దాకా నడిచాడు. పంచాయితీకి వచ్చే పటేలు అచ్చం అట్లాగే నడుస్తాడు. పిల్లలు ఒక్కుమ్మడిగా ‘ప్రౌడ్‌లీ’ అన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు, ఇంకో మాట చెవిలో పడ్డాక, రోజంతా మడక దున్ని ఇల్లు చేరే మనిషిలా భుజాలు వేలాడేసి, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ఈసారి వాళ్లకు మాట దొరకలేదు. ‘టయర్డ్‌లీ’ అని అక్కే చెప్పాల్సి వచ్చింది. మాట తెలియకపోయినా, ఆ నడక వాళ్లందరి ఇళ్లల్లోనూ ఉన్నదే.

‘ఫాస్ట్’, ‘హార్డ్’ లాంటివి మొండి మాటలనీ, అవి తోక తగిలించనివ్వవనీ వాటికి వేరే ఆట పెట్టింది. లీ అన్నవాడు గది చుట్టూ ఒక పరుగు తీయాలి. చాకవేలు పిల్లవాడు కావాలనే తప్పు చెప్పి పరిగెత్తేవాడు. అక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసినట్టు కనబడనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం నేను అడిగాను, తెలుగు మాని ఇట్లా చెప్పగలిగినప్పుడు, ఇన్నాళ్లు తెలుగుతో పడ్డ శ్రమంతా దండగేనా అని. చూద్దాం అంటూ అక్క పొయ్యి దగ్గరికి లేచి పోయింది. తనకూ ఇంకా తెలియదేమో అనుకున్నాను.

జవాబు చింతామణిలో దొరికింది. ఏడాది గడిచాక ఇన్‌స్పెక్టరుగారే చుట్టుపక్కల తాలూకాల ఇంగ్లీషు టీచర్లను చింతామణిలో ఒక శాలెకు పిలిపించి, అక్కను మాదిరి పాఠం చెప్పమన్నారు. ఆయన ఈ మధ్యలో బాగేపల్లికి ఇంకోసారి వచ్చి, క్లాసు వెనక బెంచీ మీద కూర్చుని, పాఠమంతా చూసి వెళ్లారు. మెచ్చుకోలేదు. కానీ మనసులో పెట్టుకున్నారు.

నేనూ అక్కతో వెళ్లాను. ఊరు ఆ రోజు సంతతో నిండి ఉంది. శాలె హాల్లో టీచర్లందరూ గోడల వెంట, ముందు చింతామణి పిల్లలు. అక్క అంతకు ముందు వాళ్లను ఎన్నడూ చూడలేదు. ఒక గ్లాసులో పాలు పోసి బల్ల మీద పెట్టి, ఎట్లా ఉన్నాయని ఇంగ్లీషులో అడిగింది. ముందు వరుసలో కుర్రవాడు లేచి, ‘ది మిల్క్ ఈజ్ వైట్‌లీ’ అన్నాడు.

గోడల వెంట టీచర్లు నవ్వారు. అక్క నవ్వలేదు. ఎడమచెవి వాడివైపు తిప్పి మళ్లీ చెప్పమంది. వాడు అదే చెప్పాడు. అక్క గ్లాసు వాడి ముందు పెట్టి, ఇంగ్లీషులోనే, పాలు ఏమైనా పని చేస్తున్నాయా అని అడిగింది. వాడు పాలవైపు చాలాసేపు చూశాడు. ‘నో, మిస్’ అన్నాడు. అక్క ఆ పాలను ఇంకో గ్లాసులోకి సన్నని ధారగా పోయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవరు పని చేస్తున్నారు, ఎట్లా చేస్తున్నారు అంది. వాడి ముఖం మారింది. ‘మిస్ ఈజ్ పోరింగ్ స్లోలీ,’ అన్నాడు. ఒక క్షణం ఆగి, ఎవరూ అడగకుండానే, ‘ది మిల్క్ ఈజ్ వైట్’ అన్నాడు.

పాఠం అయ్యాక ఇన్‌స్పెక్టరుగారు లేచారు. పిల్లవాడికి ఒక్క తెలుగు మాటయినా చెప్పకుండానే వచ్చింది కదమ్మా, మరి తెలుగు అక్కరలేనట్టే కదా అని అడిగారు. గెలిచినట్టు అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

అక్క కన్నడంలో జవాబు చెప్పింది. “పిల్లలకు అక్కరలేదు సార్. నాకు కావాలి. వాళ్లు ఎక్కడ జారతారో ముందే తెలిస్తేనే కదా, నేను పోయి అక్కడ నిలబడేది.”

ఆయన గోడల వెంట ఉన్న టీచర్లవైపు చూశారు. తర్వాత, వెనకున్నవాళ్లకు వినబడలేదు, ఇంకోసారి చెప్పండి అన్నారు. అక్క ఇంకోసారి చెప్పింది. ఆ రోజు తిరుగు బస్సులో అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆవిడ పక్కన కూర్చున్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందంటే, టికెట్లు కొట్టే కండక్టరుకు కూడా ఈవిడ ఎవరో చెప్పాలనిపించింది.

చాకవేలు పిల్లవాడు ఎస్సెస్సెల్సీ దాకా వచ్చాడు. ఇంగ్లీషులో గట్టెక్కాడు. పెద్ద మార్కులేమీ కావు, కానీ గట్టెక్కాడు. వాళ్ల నాయన తలగుడ్డ చేతిలో పట్టుకుని, కొత్త బియ్యం మూట తెచ్చి మా గుమ్మం ముందు దింపాడు. అక్క ఆ బియ్యంలో కొంత తీసుకుని, మిగతాది తిరిగి కట్టించింది. నీ కొడుకు నడిచి చూపిస్తే క్లాసంతా నేర్చుకుందప్పా అని తెలుగులోనే చెప్పింది. ఆయనకు ఆ మాట ఎంతవరకు అర్థమైందో తెలియదు. అయినా చాలా సంతోషంగా వెళ్లాడు.

ఆ తర్వాత అక్కకు చిక్కబళ్లాపురానికి వర్గ అయింది. ట్రాన్స్‌ఫరును అక్కడ అందరూ వర్గ అనేవారు. సామాను ఎద్దులబండికి ఎక్కిస్తుంటే అవ్వ బయటికి రాలేదు. అక్కే లోపలికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, చాలాసేపు మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు అక్క చేతిలో ఊరగాయ జాడీ ఉంది.

తడిక అవతల కొత్త మేష్టరు వచ్చాడు. నా పిల్లలు నాకే మిగిలారు. అక్క చేసినవన్నీ నేను చేయబోయాను. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. నేను చింతకాయ తెస్తే పిల్లలు పాఠానికి ముందే తినేశారు. అయినా వాళ్లు ఏదైనా తప్పు రాస్తే, అది వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందా అని చూసే కళ్లు నాకు వచ్చాయి. అవి అక్క ఇచ్చినవే.

ఒకసారి ఒక తప్పు నాకు అంతు చిక్కలేదు. శాలెకు ఎట్లా వచ్చారు అని అడిగితే మిట్టేమరి దారిలోని పల్లెల నుంచి నడిచి వచ్చే పిల్లలందరూ ‘ఐ కేమ్ బై వాక్’ అని రాశారు. శనివారం మధ్యాహ్నం మండికల్లుకు పోతూ, దారి మార్చి చిక్కబళ్లాపురంలో దిగి అక్క ఇంటికి వెళ్లాను. పట్టు తీసేవాళ్ల వీధిలో చిన్న ఇల్లు. వీధంతా ఉడికిన పట్టుగూళ్ల వాసన. అక్క నన్ను చూసి, మొదట భోజనం చేశావా అని అడిగి, తర్వాత తప్పు ఏమిటని అడిగింది. నేను చెప్పాను. ఇట్లా ఎందుకు రాస్తున్నారో మీరే చెప్పాలి అన్నాను.

“నాకు తెలియదు,” అంది. ఆ మాట అనడంలో ఎంత ఉత్సాహమంటే, నేను తినుబండారాలేవో తెచ్చినట్టు ముందుకు వంగింది. “నీకు తెలిసుంటుంది. నీది తెలుగు కదా. నువ్వే చూడు.”

ఇద్దరం చాప మీద కూర్చున్నాం. అక్క వేరుశనక్కాయలు ముందు పోసింది. నేను పైకి చెబుతూ పోయాను. ఎట్లా వచ్చినావు? బస్సులో వచ్చినా. అది బై బస్. ఎట్లా వచ్చినావు? ఎద్దులబండిలో వచ్చినా. అది బై కార్ట్. ఎట్లా వచ్చినావు? నడిచి వచ్చినా. అక్కడ ఆగాను. మా ఊరి పిల్లలకు ఎట్లా వచ్చినావు అంటే, దేన్నెక్కి వచ్చినావు అనే ప్రశ్నే. ఏమీ ఎక్కనివాడు కూడా ఏదో ఒకటి చెప్పాలి. నడకనే బండి చేసేశాడు.

అక్క నా చేతిలో ఒలిచిన గింజలు పెట్టి, నా భుజం మీద ఒకసారి తట్టింది. నాకు ఆ ఉద్యోగంలో తర్వాత చాలా మెప్పులు వచ్చాయి. అంత హాయిగా ఏదీ తగల్లేదు.

సోమవారం ఏం చేస్తావు అని అడిగింది. పిల్లలను బయటికి పంపి ఒక్కొక్కరిని ఒక్కోరకంగా లోపలికి రమ్మంటానని చెప్పాను. అయితే మొదట నువ్వు వచ్చి చూపించు అంది. నేను చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్లాను. పట్టు తీస్తున్న ఆడవాళ్లు చేతులాపి చూస్తున్నారు. వీధి మలుపు దాకా పోయి, వెనుదిరిగి, దుమ్ములో నా కాళ్లు నాకు కనబడేట్టు నడుస్తూ వచ్చాను. అక్క గుమ్మంలో నిలబడి, ఇంగ్లీషులో, ఎట్లా వచ్చావమ్మా అని అడిగింది.

‘ఆన్ ఫుట్, మిస్’ అన్నాను. అక్క తలుపు పూర్తిగా తెరిచి, కాళ్లు కడుక్కుని భోజనానికి రమ్మంది.